మందు అన్నారు, కషాయం అన్నారు

మీరు వ్యవసాయ శాఖలో చేరిన మొదటి వారంలోనే ఎవరో ఒకరు మీ చేతికి ఒక డబ్బా ఇస్తారు. "ఊళ్లోకి వెళ్లి దీని గురించి చెప్పి రా" అంటారు. అందులో ఏముందో మీకు తెలియకపోయినా ఫరవాలేదు, ఇచ్చినవారికీ సరిగ్గా తెలిసి ఉండదు. చెప్పే గొంతు మాత్రం గట్టిగా ఉండాలి. కర్ణాటకలో ఉన్నా ఊళ్లన్నీ తెలుగు మాట్లాడే పావగడ తాలూకాలో ఉద్యోగంలో చేరినప్పుడు నేను నేర్చుకున్న మొదటి విద్య ఆ గొంతే. దాన్ని ఎప్పుడు తగ్గించాలో నేర్చుకునేలోపల ముగ్గురు మనుషులు ఆసుపత్రి పాలయ్యారు. ఆ ముగ్గురిలో ఒకరు మా ఆఫీసరే.

నేను మహిళా సహాయకురాలిని. పొలంలో మగవాళ్లకు చెప్పడానికి మగ సహాయకులు ఉండేవారు. ఇళ్లల్లో ఆడవాళ్లకు చెప్పడానికి నన్ను వేశారు. కలుపు తీసేదీ, కాయ కోసేదీ, కాయ వలిచేదీ అంతా ఆడవాళ్లే అయిన తాలూకాలో ఈ పంపకం ఎవరు చేశారో తెలియదు గాని, దానివల్ల నాకు మేలే జరిగింది. మగ సహాయకులు పంటను చూశారు. నేను పంట ఇంటికి వచ్చాక దానితో కలిసి ఎవరెవరు వస్తారో చూశాను.

పదోన్నతుల గురించి, బదిలీల గురించి రాయను. వాటివల్ల ఒక్క పురుగూ చావలేదు.

మంచి చోటు విత్తనానిది

నిడుగల్లు అనే ఊళ్లో నాకు బాగా చనువైన ఇల్లు లింగక్కది. కోట ఉన్న కొండ కింద, రెండు గదుల ఇల్లు. ముందు గదిలో వంట. లోపలి గదిలో వేరుశనగ విత్తనాల మూటలు. మూటలు వదిలిన చోట మనుషులు పడుకునేవారు. ఎనభైల్లో ఆ ప్రాంతంలో చాలా ఇళ్లు అంతే. వాన రాక పంట పోతే ఒక ఏడు పోతుంది, విత్తనం పోతే పై ఏడు కూడా పోతుంది. కాబట్టి ఇంట్లో ఎండా వానా తగలని మంచి చోటు విత్తనానిదే.

లింగక్క భర్త ఓబన్న వంశమంతా గొర్రెల మంద వెంట తిరిగినవాళ్లు. మంద తగ్గాక ఆయన భూమి పట్టుకున్నాడు. మాట తక్కువ, బీడీలు ఎక్కువ, దగ్గు ఇంకా ఎక్కువ. కూతురి కూతురు రత్న ఆ ఊరి బళ్లో చదువుకుంటూ వాళ్ల దగ్గరే ఉండేది.

విత్తనం ఉన్నచోట పుచ్చు పురుగు, దాని పక్కనే ఎలుక. మూటల సందున ఇరుక్కుని పడుకుంటే మంచంలో నల్లులు. పిల్లలంతా ఒకే దుప్పటి కింద దూరితే తలలో పేలు. మా శాఖ లెక్కలో పుచ్చు పురుగు వ్యవసాయ సమస్య. ఎలుక, దాని పేరున వారోత్సవం జరిగినప్పుడు మాత్రమే సమస్య. నల్లులూ పేలూ మాకు సంబంధించినవి కావు. లింగక్క దగ్గర ఈ తేడాలు లేవు.

"పురుగు పురుగే గదా మేడమ్మా? శనక్కాయను తింటే మీకు బాధ. నన్ను తింటే బాధ ల్యాదా?" అనేది.

లింగక్కకు ఇంకో గట్టి నమ్మకం ఉండేది. వాసన ఘాటుగా కొడితేనే అది మందు. కళ్లల్లో నీళ్లు తెప్పించని మందును ఆమె మర్యాదకు తీసుకుని గూట్లో పెట్టి మరిచిపోయేది.

పొడి

మన భాషలో ఒక చిక్కు ఉంది. జ్వరానికి వేసుకునేదీ మందే. సారా కొట్లో తాగేదీ మందే. పురుగు మీద చల్లేదీ మందే. "సారు మందు ఇచ్చినారు" అంటే ఏ సారో, ఏ మందో, ఎక్కడికో విన్నవాడు ఊహించుకోవాలి. ఊహ తప్పితే ప్రాణం మీదికి వస్తుంది.

మా ఆఫీసరు శ్రీకంఠయ్యగారు మైసూరు వైపు మనిషి. తెల్ల చొక్కా, కంచుగొంతు. తెలుగు కష్టపడి నేర్చుకున్నారు. ఒకరి దగ్గర చేయి చాచిన మనిషి కారు, ఊళ్లోకి రమ్మంటే ఎండనీ లెక్కచేయకుండా వచ్చేవారు. మీకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. చెడ్డ ఆఫీసరు వల్ల ప్రమాదం తక్కువ, ఎందుకంటే అతని మాట ఎవరూ నమ్మరు. మంచి ఆఫీసరుకు ఏదైనా ఒక విషయం మీద నమ్మకం కుదిరినప్పుడు జాగ్రత్తగా ఉండాలి.

ఆ రోజుల్లో ఆయన నమ్మకం బీహెచ్‌సీ అనే పురుగుమందు పొడి మీద. వేరుశనగ మీద కంబళి పురుగు దండు కట్టి వచ్చిన ఏడు ఆ పొడి పొలాలను కాపాడిన మాట నిజం. పొలంలో పనిచేసింది ఇంట్లో ఎందుకు పనిచేయదని ఆయన తర్కం. నిడుగల్లు బడి వసారాలో ఆడవాళ్లను కూర్చోబెట్టి, చొక్కా చేతులు మడిచి, పొడి తీసి మోచేతుల దాకా పూసుకున్నారు.

"చూశారా? నాకేమైనా అయిందా? ముఖానికి రాసుకునే పౌడరుకూ దీనికీ తేడా లేదు. పూర్తిగా సురక్షితం. గొత్తాయ్తా?"

గొత్తాయ్తా అంటే కన్నడంలో అర్థమైందా అని. అర్థం కానివాళ్లే ముందుగా తల ఊపేవారు.

సభ అయ్యాక, అందరికీ తలా ఒక పొట్లం పొడి ఇప్పించి పంపి, ఆయన జీపు వెనక్కి వెళ్లి, డ్రైవరు నీళ్లు పోస్తుంటే సబ్బు పెట్టి మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కున్నారు. ఆ కడుక్కోవడం ప్రదర్శనలో భాగం కాదు. ఆడవాళ్లు అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయారు.

ఆ తర్వాత కొన్నాళ్లకు నేను నిడుగల్లు వెళ్లేసరికి లింగక్క ఇంటి ముందు జనం. లోపల చాప మీద రత్న కళ్లు తేలేసి కొట్టుకుంటోంది. పళ్లు బిగుసుకుపోయాయి. ఎవరో ఇనుప తాళంచెవి అరచేతిలో పెడుతున్నారు. ఎవరో వేపమండ పట్టుకుని, "కోట కాడికి ఒంటిగా పంపినారా? గాలి సోకుండాది" అంటున్నారు. పాప తలకు పాత చీర పీలిక బిగించి కట్టి ఉంది. దగ్గరికి వంగితే గాలి ఏదో తెలిసింది. మా ఆఫీసు గోదాములో ఉండే వాసనే.

"తలకేం పెట్టినావు లింగక్కా?"

"మందు పెట్టినాను మేడమ్మా, పేలకు. పొడి నిలవలేదని శనక్కాయ నూనెలో కలిపి పట్టించినాను. సారు పౌడరు మాదిరే అనె గదా!"

నూనెలో కలిపితే ఆ పొడి చర్మంలోంచి ఇంకా తొందరగా లోపలికి దిగుతుంది. గుడ్డ కడితే ఇంకా. నేను, లింగక్క కలిసి పాప తలను సబ్బుతో కడిగాం. ఓబన్న మనవరాలిని భుజాన వేసుకుని రోడ్డు దాకా పరుగెత్తాడు. బస్సులో పాప ఇంకోసారి కొట్టుకుంది. కండక్టరు తర్వాతి స్టాపుల్లో ఎవరినీ ఎక్కించుకోలేదు, నేరుగా పావగడలో ఆసుపత్రి ముందు ఆపాడు.

డాక్టరు కుర్రవాడు, చురుకైనవాడు. సూది వేస్తూనే అడిగాడు.

"తలకు ఏం రాసినారు?"

"మందు సామీ" అంది లింగక్క.

"ఏ డాక్టరిచ్చినాడు?"

"డాక్టరు కాదు సామీ, మందు సారు."

"మందు సారంటే ఎవరమ్మా?"

నేను మధ్యలోకి వెళ్లి చెప్పాను. ఆయన ముఖం చూస్తే, ఆ క్షణంలో నేను వేరే ఏ శాఖలో ఉన్నా బాగుండేది అనిపించింది.

రత్న బతికింది. కొంతకాలం పుస్తకం పట్టుకుంటే తలనొప్పి అనేది, తర్వాత సర్దుకుంది. నేను ఆఫీసుకు వచ్చి జరిగింది చెప్పాను. శ్రీకంఠయ్యగారు, "మోతాదు తప్పింది" అన్నారు.

"తలకు మోతాదు ఎంత సార్?"

"తలకు వాడకూడదు."

"మనం ఆ మాట చెప్పలేదు సార్. పౌడరులాంటిదని చెప్పాం."

"అది ఉదాహరణ సరోజమ్మా. ఉదాహరణను ఉపదేశంగా తీసుకుంటే ఎలా?"

ఆ రోజు నుంచి నేను ఊళ్లల్లో మందు అనడం మానేసి విషం అన్నాను. "ఇది పురుగుల విషం. ఇంట్లో పెట్టొద్దు. చేత్తో ముట్టొద్దు." వారం తిరక్కుండానే పిలుపు వచ్చింది.

"సర్కారు విషం పంచుతోందని చెబుతున్నావట?"

"పురుగులకు విషమే గదా సార్?"

ఆయన ఆలోచించారు. "పురుగులకు విషం, మనకు మందు అని చెప్పు" అన్నారు. ఇంతకంటే వివరంగా చెప్పమని నేనూ అడగలేదు.

శిక్షణ నుంచి వచ్చిన మనిషి

ఆయనను తప్పుగా అనుకోకండి. ఒకసారి జీపులో వెళ్తుంటే ఉన్నట్టుండి, "ఆ పాప బడికి పోతోందా?" అని అడిగారు. పోతోందన్నాను. ఆ సంగతి ఆయనను లోపల ఎక్కడో కొరుకుతూనే ఉందని నాకు అప్పుడు తెలిసింది.

అలాంటి సమయంలో ఆయనను బెంగళూరుకు ఏదో శిక్షణకు పంపారు. తొంభైలు మొదలవుతున్న రోజులు. వెళ్లేటప్పుడు తోలు సంచితో వెళ్లిన మనిషి గుడ్డ సంచితో తిరిగొచ్చారు. బూట్లు పోయి చెప్పులు వచ్చాయి. గుడ్డ సంచిలోంచి వేపాకు తీసి నా టేబులు మీద పెట్టారు, పెళ్లి శుభలేఖ ఇచ్చినట్టు.

"సరోజమ్మా, ఇన్నాళ్లూ మనం తప్పు చేశాం. ప్రకృతిలో విషం లేదు. పూర్తిగా సురక్షితం. గొత్తాయ్తా?"

మనిషి మారలేదు, డబ్బా మారింది. అదే గొంతు, అవే మాటలు, అదే చేయి ఊపడం. ఆఫీసు గోడ మీద "మందులు వాడండి, పంట కాపాడుకోండి" అని కన్నడంలో రాసి ఉండేది. దాని మీద సున్నం కొట్టించి, "ప్రకృతిని నమ్మండి, పంట కాపాడుకోండి" అని రాయించారు. సున్నం పలచన. ఒక్క మంచి వాన పడితే కింది అక్షరాలు బయటపడేవే. మా తాలూకాలో వాన పడదు గనక ప్రకృతి చాలాకాలం నిలిచింది.

నాకు అనుమానం తీరలేదు.

"గన్నేరు కూడా ప్రకృతే గదా సార్? దాని కాయ తిని ఎంతమంది పోయారో..."

"గన్నేరు పూలు పూజకు వాడతారు."

"ఉమ్మెత్త?"

"శివుడికి ప్రీతి."

"పాము, తేలు?"

"అవి మొక్కలు కావు సరోజమ్మా!" అన్నారు విసుగ్గా.

దేవుడికి పెట్టేది మనిషికి హాని చేయదన్న సూత్రం శిక్షణలో చెప్పారో, తిరుగు ప్రయాణంలో ఆయనకు తోచిందో నాకు ఇప్పటికీ తెలియదు.

వేప మంచిదే. దాన్ని నేనూ చెప్పాను, ఇప్పుడూ చెబుతాను. అయితే వేపనూనె పసిపిల్లల కడుపులోకి పోతే ప్రమాదమని ఆ కుర్ర డాక్టరే నాకు చెప్పాడు. చెట్టుకు మనమీద ప్రేమా లేదు, కోపమూ లేదు. పురుగు తనను తినకుండా అది విషం తయారుచేసుకుంటుంది. ఆ విషం మన కోసం తన గుణం మార్చుకోదు.

కషాయం

శ్రీకంఠయ్యగారు ప్రకృతిని మొదట చూపించాలనుకున్నది నిడుగల్లులోనే. ఎక్కడ తప్పు జరిగిందో అక్కడే దిద్దుకోవాలని ఆయన కోరిక కావచ్చు. ఈసారి బడి వసారాలో కాదు, లింగక్క ఇంటి ముందరే మూడు రాళ్లు పెట్టి పెద్ద బాన ఎక్కించారు. అందులో పొగాకు వేసి ఉడికించారు. నీళ్లు చిక్కటి కాఫీ రంగుకు వచ్చాయి. ఘాటు వీధి చివరిదాకా కొట్టింది. లింగక్క ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, నా చెవిలో, "ఇది మందంటే! కండ్లు మండిపోతాండాయి" అంది తృప్తిగా.

బాన దించి, కాస్త చల్లారాక, సారు చొక్కా చేతులు మడిచారు. మోచేతుల దాకా అందులో ముంచి, నానిన ఆకును పిడికిళ్లతో పిండారు. అలా చాలాసేపు పిండారు.

"చూశారా? చేతికి తొడుగులు అక్కర్లేదు. ఇది కషాయం. మొక్కల మీద పేనుబంకకు చల్లండి. మంచాల్లో నల్లులకు పోయండి. తలలో పేలకు..."

"తలకొద్దులే సారూ" అంది లింగక్క వెంటనే, రత్నను వెనక్కి లాక్కుంటూ.

"ఇది ప్రకృతి అమ్మా."

"ఏదైనా గానీ. తలకు మాత్రం వద్దు."

ఆయన నొచ్చుకున్నారు గాని, ముందుకు సాగారు. వచ్చినవాళ్లందరి చెంబుల్లోనూ, గిన్నెల్లోనూ కషాయం పోయించారు. వేరే పాత డబ్బాలు తెచ్చుకోమని నేనన్నాను. "ఆకు రసానికి అంత భయమెందుకు?" అన్నారు. అందరూ నవ్వారు. చెంబులు ఇళ్లల్లోకి వెళ్లాయి.

పొడి పూసుకున్న రోజు రెండుసార్లు సబ్బు పెట్టిన మనిషి, ఈసారి చేతులు తువ్వాలుకు తుడుచుకుని ఊరుకున్నారు. ప్రకృతిని కడుక్కోవడం దేనికి? ఆ చేత్తోనే లింగక్క పెట్టిన సంగటి, పప్పు తిన్నారు.

తిన్న కాసేపటికి ఆయన ముఖం సున్నంలా పాలిపోయింది. నోట్లో నీళ్లు ఊరుతున్నాయి, ఉమ్ముతూనే ఉన్నారు. చెమటకు చొక్కా ఒంటికి అతుక్కుంది. లేచి నాలుగడుగులు వేసి గోడ పట్టుకుని వాంతి చేసుకున్నారు.

"ఎండదెబ్బప్పా! ఎర్రగడ్డ తెండి" అంటూ ఉల్లిపాయకు కేకేశారొకరు.

"దిష్టి. తెల్లటి మనిషి గదా" అన్నారు ఇంకొకరు.

పొగాకు మొదటిసారి నమిలినవాళ్లు పడే అవస్థ నేను చిన్నప్పటినుంచీ చూశాను. ఇది అదే, కాకపోతే పదింతలు. ఆ ఆకులో ఉన్న విషం చర్మంలోంచే లోపలికి దిగింది. సబ్బు అడిగి ఆయన చేతులు కడుగుతుండగానే ఇళ్లల్లోకి వెళ్లిన చెంబులు గుర్తొచ్చాయి. మందును గొంతులోకి రానివ్వొద్దని ఇన్నేళ్లు చెబుతూ వచ్చాం. కషాయం అన్న మాట మాత్రం పుట్టిందే తాగడానికి. మిరియాల కషాయం, ధనియాల కషాయం, పొగాకు కషాయం.

నేను లేచేలోపే లోపలినుంచి లింగక్క కేక వినపడింది.

ఓబన్న చేను నుంచి వెనక వాకిలి గుండా వచ్చాడట. దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. గూట్లో చెంబు చూసి, "ఏందే ఇది?" అని అడిగాడట. లింగక్క ముందు గుమ్మంలో సారుకు విసురుతూ, వెనక్కి తిరగకుండానే, "సారు చేసిన కషాయం" అందట. ఆ మాటలో అబద్ధం ఏమీ లేదు. ఆయన బెల్లం ముక్క నోట్లో వేసుకుని తాగేశాడు. రెండు గుక్కలు దిగేసరికి కడుపు తిప్పి కక్కుకున్నాడు గనక సరిపోయింది. మిగతాది నేల మీద ఉంది. మనిషి కూడా నేల మీదే ఉన్నాడు. కాళ్లూ చేతులూ వణుకుతున్నాయి, ఊపిరి తెగి తెగి వస్తోంది.

అక్కడున్న ఆడవాళ్లను పట్టుకుని నేను అరిచాను. "అది విషం! ఎవరింట్లో ఉన్నా బయటికి తెండి. గొర్రెలు మూతి పెట్టని చోట గుంట తీసి పూడ్చండి. ఆ చెంబుతో నీళ్లు తాగొద్దు!" ఆ రోజు నా గొంతు సారు గొంతు కంటే గట్టిగా పలికింది. ఒక్కరూ నవ్వలేదు.

జీపులో వెనక సీట్లో ఒకవైపు ఆఫీసరు, ఒకవైపు రైతు. ఇద్దరూ చెరో వైపు బయటికి తల పెట్టి కక్కుకుంటున్నారు. శాఖ వాళ్లు, రైతులు ఒకరికొకరు ఇంత దగ్గరగా కూర్చున్నది నా ఉద్యోగంలో అదొక్కసారే చూశాను.

ఆసుపత్రి ముందు జీపు ఆగగానే అక్కడున్న జనమంతా తెల్లచొక్కా వైపు పరుగెత్తారు. "సారుకేమైంది, సారుకేమైంది" అంటూ ఆయనను లేపబోయారు. శ్రీకంఠయ్యగారు వాళ్ల చేతులు తోసేశారు. నోట మాట సరిగ్గా రావడం లేదు. వేలితో ఓబన్నను చూపించి, "మొదలు ఆయన్ను... ఆయన్ను" అన్నారు. ఆయన ఇచ్చిన ఆదేశాల్లో ఎవరికీ కీడు చేయనిది అదేనని నాకు తర్వాత అనిపించింది. ఆ క్షణంలో మాత్రం ఆయన మీద నాకున్న కోపమంతా కరిగి కళ్లల్లోకి వచ్చింది.

మళ్లీ అదే డాక్టరు. ఓబన్న దగ్గర చేయవలసిందంతా చేసి, అప్పుడు ఇటు తిరిగాడు.

"ఇద్దరూ ఒకే మందు తాగినారా?"

మంచం మీదినుంచి శ్రీకంఠయ్యగారు కళ్లు మూసుకునే, "మందు కాదు డాక్టర్... ప్రకృతి" అన్నారు.

డాక్టరు నా వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఈయనకు మతి కూడా తప్పిందా?"

"లేదు సార్, శిక్షణకు పోయి వచ్చినారు" అన్నాను.

వరండాలో లింగక్క గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవడం లేదు. నేను పక్కన కూర్చున్నాక మాట్లాడింది.

"పొడి పొయ్యి ఆకొచ్చె మేడమ్మా. అప్పుడు బిడ్డ, ఇప్పుడు ఈయప్ప. పురుగులు మాత్రం ఆడనే ఉండాయి. పురుగులతోనే బతుకుతాములే. అయ్యి రక్తమే తాగుతాయి, పానం తియ్యవు."

నా సంచిలో ప్రకృతి కరపత్రాలు ఉన్నాయి. వాటిని తీయలేదు.

తెల్లవారేసరికి ఓబన్న ఊపిరి కుదుటపడింది. కళ్లు తెరిచి లింగక్కను చూసి ఆయన అన్న మొదటి మాట, "కషాయం చెయ్యను రాదా నీకు? ఏం చేదప్పా!" లింగక్క అప్పుడు ఏడ్చింది.

సారు అడిగిన ప్రశ్న

ఓబన్న ఇంటికి చేరాక శ్రీకంఠయ్యగారు నిడుగల్లుకు వచ్చారు. జీపు ఊరి బయటే ఆపించి నడిచి వచ్చారు. ఈసారి డబ్బా లేదు, గుడ్డ సంచీ లేదు. లింగక్క మంచం వాల్చితే వద్దని, మూటల పక్కన నేల మీద కూర్చున్నారు. ఆయన ఏదో ఉపన్యాసం ఇస్తారనుకుని నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"అమ్మా, ఈ గదిలో ఎవరెవరు పడుకుంటారు?" అని అడిగారు.

అన్నేళ్లలో ఆయన ఒక ఇంట్లో కూర్చుని అడిగిన మొదటి ప్రశ్న అది. గొత్తాయ్తా ప్రశ్న కాదు, దానికి ఆయన ఎప్పుడూ జవాబు వినలేదు. ఈసారి విన్నారు. ఆ తర్వాత ఇంకొకటి అడిగారు. ఎలుకలు ఎటునుంచి వస్తాయి? నూనె, పప్పు ఎక్కడ పెడతారు? గూడు పాపకు అందుతుందా? పాత సంచులే మళ్లీ వాడతారా? లింగక్క చెబుతూ పోయింది, ఆయన తల ఊపుతూ పోయారు. పాత్రలు తారుమారైనట్టు అనిపించింది నాకు.

దాని తర్వాత మేము ఆ ఇంట్లో చేసిన పని గురించి చెబితే మీకు నవ్వొస్తుంది. మూటలను గోడకు దూరంగా, రాళ్ల మీద బల్లలు పరిచి పెట్టించాం. పాత సంచులను సలసల కాగే నీళ్లలో ముంచి ఎండేశాం. కాయలను మళ్లీ బాగా ఎండనిచ్చి, పుచ్చువి ఏరి పడేశాం. ఎలుక బొక్కల్లో గాజుపెంకులు, రాళ్లు కూరి మట్టి మెత్తాం, బోను పెట్టాం. నులక మంచాన్ని మిట్టమధ్యాహ్నం బయట వేసి కాగే నీళ్లు పోశాం. పేలకు పేల దువ్వెన, రత్నకు ఒక్కదానికే కాదు, ఆ దుప్పటి కింద దూరే పిల్లలందరికీ ఒకే రోజు. పొలానికి విషం తప్పదు అన్నప్పుడు అది ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు. అన్నం తినే గిన్నెలోకి పోకూడదు, పోసిన చేయి సబ్బు చూడకుండా సంగటి ముట్టకూడదు. పొడి అయినా, ఆకు అయినా ఇదే కట్టడి.

పురుగులన్నీ పోయాయా అంటే పోలేదు. సగానికి పైగా తగ్గాయి. లింగక్కకు పూర్తి తృప్తి లేదు. "అంతా బాగుండాది గానీ, ఘాటు ల్యాదు" అనేది.

పై ఆఫీసుకు ఈ సంగతి రాయవలసి వచ్చింది. నిడుగల్లులో ఏ మందు వాడారు అని అడిగారు. "ఎండ" అని శ్రీకంఠయ్యగారు జవాబిచ్చారు. మా తాలూకాలో కరువు లేనిది ఆ ఒక్కదానికే. పై ఆఫీసుకు అది నచ్చలేదు. ఎండకు డబ్బా ఉండదు, దానికి ప్రారంభోత్సవం చేయడం కష్టం, సబ్సిడీ ఇవ్వడం ఇంకా కష్టం. ఆ సీజను దాటకముందే ఆయనకు వేరే జిల్లాకు బదిలీ వచ్చింది. వెళ్లేముందు నాతో, "సరోజమ్మా, ఇన్నాళ్లూ దేనితో చంపాలా అని చూశాను, పక్కన ఎవరున్నారో చూడలేదు" అన్నారు. నేను విన్న శిక్షణలన్నింటిలో చిన్నది అదే, నాకు మిగిలిందీ అదే.

మీకు నేను చెప్పదలుచుకున్నదీ దాదాపు అంతే. ప్రకృతి, రసాయనం అని రెండు జట్లుగా విడిపోయి కొట్లాడేవాళ్లు మీకు చాలామంది కనబడతారు. వాళ్లలో ఏ ఒక్కరూ ఆ సీసా ఇంట్లో ఏ గూట్లో ఉంటుందని అడగరు. మీరు అడగండి. ఎంత, ఎక్కడ, ఏ పాత్రలో, ఎవరి చేతికి అందుతుంది, అసలు అవసరమా అని అడగండి. సురక్షితం అన్న మాట సీసా మీద రాయడం తేలిక, ఇంట్లో ఉంచడమే కష్టం.

కొత్త సారు

శ్రీకంఠయ్యగారి తర్వాత వచ్చినవారు యువకులు. మంచివారు. అదే నా భయం. మొదటి వారంలోనే ఒక సీసా పట్టుకుని నిడుగల్లుకు బయలుదేరారు, నేను వెంట వెళ్లాను. బడి వసారాలో ఆడవాళ్లు కూర్చున్నారు. ముందు వరసలో లింగక్క, ఆమె వెనక స్తంభానికి ఆనుకుని ఓబన్న, పక్కన కాస్త పొడుగైన రత్న.

కొత్త సారు సీసా పైకెత్తారు. "ఇది కొత్తగా వచ్చింది. పాత మందుల లాంటిది కాదు, ఆకు రసాల లాంటిది కాదు. ఇంట్లో వాడుకోవచ్చు. పూర్తిగా సేఫ్."

ఎవరూ తల ఊపలేదు. ఆయన ఆశ్చర్యపోయి, మళ్లీ కాస్త గట్టిగా చెప్పారు. "పూర్తిగా సేఫ్!"

లింగక్క లేచి నిలబడింది. చాలా మర్యాదగా, చేతులు కట్టుకుని అడిగింది.

"ఎవురికి సారూ? మాకా, పురుగులకా?"

వసారా అంతా నవ్వు. ఓబన్న నవ్వబోయి దగ్గాడు. కొత్త సారు సీసా తిప్పి, మీద రాసింది చదవసాగారు. అందులో జవాబు దొరక్క, సాయం చేయమన్నట్టు నా వైపు చూశారు.

ఆ జవాబు ఆయన లింగక్క దగ్గరే అడిగి తెలుసుకోవాలని, నేను గోడ వైపు చూశాను.